బేస్ గిటార్: ఓరుగల్లు, ఉత్తర తెలంగాణ స్టేజీల మీద వాయించేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ ఫంక్షన్ హాల్లో రిసెప్షన్ ఆర్కెస్ట్రా, కాజీపేట చర్చిలో క్వయర్, గణేశ్ మండపం ముందు పాటల ప్రోగ్రాం, కాలేజీ ఫెస్టు. ఎక్కడ వాయించినా బేస్ వాళ్లకు వచ్చే ఇబ్బందులు దాదాపు ఒక్కటే. వాటిలో సగానికి పైగా గిటార్ కంపెనీతో సంబంధం లేనివి. సెటప్ సరిగా లేకపోవడం, కేబుల్ పాడవడం, హాల్లో ఎర్తింగ్ లేకపోవడం, మిక్సర్‌లోకి లైన్ తప్పుగా పోవడం, ఇవే ఎక్కువ. చేతిలో ఉన్న డబ్బును ముందు వీటి మీద పెట్టి, గిటార్ మార్చే సంగతి చివరికి ఉంచుకోవాలని మా గట్టి అభిప్రాయం.

కొత్తగ నేర్సుకుంటున్న. ఏ బేస్ కొనాలె?

34 అంగుళాల స్కేల్ (మోగే తీగ పొడవు), నాలుగు తీగలు, పీజే పికప్‌లు (తీగ కదలికను కరెంటు సంకేతంగా మార్చే భాగాలు) ఉన్న పాసివ్ (లోపల బ్యాటరీ లేని) బేస్ చాలు. పీజే అంటే మెడ వైపు ప్రెసిషన్ రకం పికప్, బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే చోటు) వైపు జాజ్ రకం పికప్. ఈ రెండు పేర్లూ ఫెండర్ గిటార్ల నుంచి వచ్చినవే. ప్రెసిషన్ 1951లో వచ్చింది, జాజ్ బేస్ 1960లో. ఈ ధ్వనులు రెండూ ఒకే గిటార్‌లో ఉంటే సినిమా పాటకూ పనికొస్తుంది, చర్చి పాటకూ పనికొస్తుంది. యమహా టీఆర్‌బీఎక్స్174, కోర్ట్ యాక్షన్ పీజే ఈ కోవలోవి. చేతులు చిన్నవైతే, పిల్లల కోసమైతే 30 అంగుళాల షార్ట్ స్కేల్ చూడండి.

సెకండ్ హ్యాండ్ అయితే మూడు చూడండి. బాడీ అంచు నుంచి మెడ పొడవునా చూసినప్పుడు మెలి తిరిగి ఉండకూడదు. ట్రస్ రాడ్ (మెడ లోపల ఉండి దాని వంపును సరిచేసే లోహపు కడ్డీ) నట్టు రెండు వైపులా తిరగాలి. ప్రతి ఫ్రెట్ మీదా ప్రతి తీగా స్వరం పలకాలి. మెలి తిరిగిన మెడను ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోవద్దు. దాన్ని బాగు చేయించే ఖర్చుతో ఇంకో గిటార్ వస్తుంది.

నాలుగు తీగలా, ఐదు తీగలా?

ఆర్కెస్ట్రాలో వాయించేవాళ్లకు ఐదు తీగలది నిజంగా పనికొస్తుంది. కారణం కీబోర్డు మీద ఉండే ట్రాన్స్‌పోజ్ బటన్. గాయని గొంతుకు పాట ఎత్తు ఎక్కువైతే కీబోర్డ్ ఆయన ఆ బటన్ రెండుసార్లు నొక్కి అదే వేళ్లతో వాయిస్తాడు. మీరు మాత్రం పాట మొత్తం రెండు ఫ్రెట్లు జరపాలి. పాట 'ఈ' (E) నుంచి 'డీ' (D)కి దిగితే, నాలుగు తీగల గిటార్‌లో ఆ కింది డీ ఉండదు. ఐదో తీగ మీద మూడో ఫ్రెట్‌లో ఉంటుంది. స్టేజీ ఎక్కే ముందు ట్రాన్స్‌పోజ్ ఎంతలో ఉందో కీబోర్డ్ ఆయన్ను అడగడం అలవాటు చేసుకోండి.

ఒక జాగ్రత్త. ఐదో తీగ, అంటే కింది బీ, 31 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. మన హాళ్లలో పెట్టే చాలా బాక్సులు అంత కిందికి పలకవు. అక్కడ ఆ తీగను ఊపితే చప్పుడు రాదు, స్పీకర్ కోను మాత్రం ఆడుతుంది.

సింగర్ "ఐదున్నర శ్రుతి" అంటడు. నేనేం పట్టాలె?

హార్మోనియం మీద తెల్ల మెట్లను సీ నుంచి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడతారు. తెల్లదాని పక్కనున్న నల్ల మెట్టు "అర" అవుతుంది. ఒకటి సీ, ఒకటిన్నర సీ షార్ప్, రెండు డీ, రెండున్నర డీ షార్ప్, మూడు ఈ, నాలుగు ఎఫ్, నాలుగున్నర ఎఫ్ షార్ప్, ఐదు జీ, ఐదున్నర జీ షార్ప్, ఆరు ఏ, ఆరున్నర ఏ షార్ప్, ఏడు బీ. మూడున్నర, ఏడున్నర ఉండవు. అక్కడ నల్ల మెట్టే లేదు.

ఐదున్నర అంటే అన్నిటికన్నా మందంగా, పైనున్న 'ఈ' (E) తీగ మీద నాలుగో ఫ్రెట్. ఒకటిన్నర అంటే దాని పక్కనున్న 'ఏ' (A) తీగ మీద నాలుగో ఫ్రెట్. ఈ రెండు చోట్లు గుర్తుంటే మిగతావి అక్కణ్నుంచి లెక్కపెట్టుకోవచ్చు.

షాపు నుంచి తెచ్చిన్న, తీగలు నొక్కుతుంటే వేళ్లు నొస్తున్నయి. ఏం జేయాలె?

సెటప్ చేయాలి. షాపు నుంచి వచ్చిన గిటార్‌కు సెటప్ అయి ఉంటుందని అనుకోవద్దు. దానికి కావలసినవి అలెన్ కీలు, ట్యూనర్, క్యాపో (తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టే బిగింపు), మిల్లీమీటర్ల స్కేలు, ఫీలర్ గేజ్. బైక్ మెకానిక్‌లు ట్యాపెట్ సందు చూసే ఆ ఉక్కు ఆకుల గేజే సరిపోతుంది. పని ఈ వరుసలో చేయాలి, వరుస మారితే మళ్లీ మొదటికి వస్తుంది.

ముందు మీరు రోజూ వాడే తీగలే వేసి, సరిగ్గా ట్యూన్ చేయండి. మొదటి ఫ్రెట్ మీద క్యాపో పెట్టి, చివరి ఫ్రెట్ దగ్గర 'ఈ' (E) తీగను నొక్కి పట్టండి. అప్పుడు తీగే స్కేలు బద్దలా తిన్నగా ఉంటుంది. ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య 0.30 మి.మీ. ఆకు దూర్చండి. అది తీగను కదపకుండా, ఒరుసుకుంటూ పోతే మెడ బాగున్నట్టే. సందు ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ను కుడికి తిప్పి బిగించాలి, సందు లేకపోతే ఎడమకు వదలాలి. ఒక్కసారికి పావు చుట్టు, అంతకు మించి వద్దు. తిప్పాక మళ్లీ ట్యూన్ చేసి కొలవండి. నట్టు గట్టిగా పట్టేసిందనిపిస్తే బలం పెట్టకుండా ఆపేయండి. రాడ్ తెగితే మెడ పోయినట్టే.

తర్వాత తీగల ఎత్తు. క్యాపో అలాగే ఉంచి 17వ ఫ్రెట్ దగ్గర 'ఈ' (E) తీగ కింద 2.4 మి.మీ., 'జీ' (G) తీగ కింద 2 మి.మీ. ఉండేలా శాడిల్ (బ్రిడ్జ్ మీద ఒక్కో తీగ ఆనే ముక్క) స్క్రూలు సరిచేయండి. గట్టిగా కొట్టే చెయ్యి అయితే ఇంకో పావు మిల్లీమీటరు పెంచుకోండి.

చివర ఇంటొనేషన్, అంటే మెడ పొడవునా శ్రుతి సరిగా పలకడం. క్యాపో తీసేసి 12వ ఫ్రెట్ మీద హార్మోనిక్ (తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం) పలికించండి, తర్వాత అదే ఫ్రెట్ నొక్కి పలికించండి. నొక్కిన స్వరం ట్యూనర్‌లో ఎక్కువ చూపిస్తే శాడిల్‌ను వెనక్కి, తక్కువ చూపిస్తే ముందుకు జరపండి. పాత తీగల మీద ఈ పని చేయొద్దు. అరిగిన తీగకు ఇంటొనేషన్ ఎప్పటికీ కుదరదు.

తీగ జిర్రుమంటంది. ఫ్రెట్లు మార్పియ్యాల్నా?

అంత తొందర వద్దు. జిర్ర్ ఎక్కడ వస్తుందో అది కారణం చెబుతుంది. మొదటి నాలుగైదు ఫ్రెట్లలో వస్తే మెడ మరీ తిన్నగా అయ్యింది, ట్రస్ రాడ్ కొంచెం వదలాలి. 12 దాటాక వస్తే తీగలు మరీ కిందికి ఉన్నాయి. ఒక్క ఫ్రెట్ దగ్గరే వస్తే దాని పక్కది లేచి ఉంది, అది మాత్రం ఫ్రెట్ పని తెలిసినవాళ్ల చేతికే ఇవ్వాలి. నొక్కకుండా మీటినప్పుడే వస్తే నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) గాడి లోతైంది. బాక్సులో వినిపించని జిర్ర్ గురించి బెంగ పెట్టుకోవద్దు.

తీగలు ఎన్నాళ్లకొకసారి మార్చాలె? ఏవి వేయాలె?

45 నుంచి 105 వరకు (తీగల మందం, అంగుళంలో వెయ్యోవంతుల్లో) ఉండే నికెల్ రౌండ్‌వౌండ్ (పైన గుండ్రని తీగ చుట్టిన) సెట్ అన్నిటికీ సరిపోయే మధ్యేమార్గం. డడారియోలో అది ఈఎక్స్ఎల్165. అదే ఈఎక్స్ఎల్170 అయితే 45–100, వేళ్లకు కాస్త సుఖం. పాత మెలోడీలు, భక్తి పాటలే ఎక్కువైతే ఫ్లాట్‌వౌండ్ (పైన చదును పట్టీ చుట్టినవి) వేసుకోండి. వాటికి వేళ్లు జారే చప్పుడు రాదు, ఏళ్ల తరబడి నిలుస్తాయి కూడా.

రౌండ్‌వౌండ్‌ను చంపేది చెమట. మే నెలలో స్టేజీ లైట్ల కింద రెండు గంటలు వాయించాక తీగ చుట్ల సందుల్లో ఉప్పు, మురికి చేరతాయి. ప్రోగ్రాం అయిపోయిన వెంటనే, గిటార్ సంచిలో పెట్టకముందే, పొడి నూలు గుడ్డతో ప్రతి తీగనూ కిందా మీదా పట్టి తుడవండి.

మార్చేటప్పుడు ఒక్కొక్కటే మార్చండి. నాలుగు తీగలు కలిసి మెడను 70 కిలోలకు పైనే బలంతో లాగుతుంటాయి, అన్నీ ఒక్కసారి విప్పేస్తే మెడ సర్దుకోవడానికి సమయం పడుతుంది. కొత్త తీగను దాని పోస్టు దాటాక 10–12 సెం.మీ. వదిలి, ముందు అక్కడ నిలువుగా వంచి, ఆ తర్వాతే కత్తిరించండి. వంచకుండా కత్తిరిస్తే పై చుట్టు వదులై తీగ పుట్టుకతోనే మొద్దుబారుతుంది. చుట్లు రెండో మూడో, పైనుంచి కిందికి దిగాలి.

బ్రిడ్జ్ దగ్గర స్పాంజి ఎందుకు పెడ్తరు?

స్వరం పొట్టిగా, "దుబ్" అని పలికి ఆగిపోవడానికి. గిన్నెలు తోమే కొత్త స్పాంజిని 8 సెం.మీ. పొడవు, ఒకటిన్నర సెం.మీ. వెడల్పు కోసి, తీగల కింద బ్రిడ్జ్‌ను ఆనించి దూర్చండి. తీగలను తాకాలి, పైకి ఎత్తకూడదు. డోలక్, తబలా ఉన్న పాటల్లో దీనికి మించిన టోన్ ఏ పెడల్‌లోనూ రాదు.

యాక్టివ్ బేస్‌ల బ్యాటరీ ఎన్నాళ్లొస్తది?

9 వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీలో సుమారు 500 మిల్లీ ఆంపియర్ అవర్లు ఉంటాయి. యాక్టివ్ బేస్ లోపలి ప్రీఆంప్ (సంకేతాన్ని పెంచే చిన్న సర్క్యూట్) ఒక మిల్లీ ఆంపియర్ తీసుకుంటుందనుకుంటే 500 గంటలు. వినడానికి చాలా ఎక్కువ. కానీ గిటార్‌కు కేబుల్ పెట్టి ఉన్నంతసేపూ, వాయించకపోయినా, ప్రీఆంప్ ఆన్‌లోనే ఉంటుంది. కేబుల్ తీయకుండా మూలకు పెడితే మూడు వారాల్లో బ్యాటరీ ఖాళీ. మల్టీమీటర్‌లో 8 వోల్టుల కిందికి వస్తే మార్చేయండి. స్వరం పగిలినట్టు వినిపిస్తుంటే ముందు చూడాల్సింది ఇదే.

ఎంత వాట్ల ఆంప్ కావాలె?

ఇంట్లోకి 20–30. డ్రమ్స్ పక్కన నిలబడితే 200 నుంచి 300. 100 నుంచి 200కు పోతే పెరిగేది 3 డెసిబెల్‌లే, కాబట్టి వాట్ల వెంట పడేకన్నా ఇంకో స్పీకర్ కలపడం మేలు. 8 ఓమ్‌ల బాక్సులు రెండు కలిపితే 4 ఓమ్‌లు అవుతుంది. ఆంప్ వెనక రాసిన కనిష్ఠానికి కిందికి పోకూడదు. ఆంప్ నుంచి బాక్సుకు స్పీకర్ కేబులే వాడాలి. గిటార్ కేబుల్‌లో లోపలి తీగ సన్నం, వేడెక్కి కరుగుతుంది, ఆంప్ కూడా పోతుంది.

ఇంట్ల మంచిగ వినిపిస్తది, స్టేజీ మీద బేస్ కనపడనే కనపడదు. ఎందుకు?

ఇంట్లో ఒంటరిగా వాయిస్తూ బేస్, ట్రెబుల్ పెంచి మిడ్ తగ్గించి పెట్టుకుంటారు. ఒంటరిగా అది బ్రహ్మాండంగా ఉంటుంది. బ్యాండ్‌లో కిక్ డ్రమ్ కింది భాగాన్ని, సింబల్స్ పై భాగాన్ని మింగేస్తాయి. మీకు మిగిలేది మీరే తీసేసిన మధ్య భాగం.

కాబట్టి తిరగేయండి. 40 హెర్ట్జ్ దగ్గర హైపాస్ (అంతకన్నా కింది ధ్వనిని కోసేది) పెట్టండి. 200–300 మధ్య కొంచెం తగ్గిస్తే గుమగుమ పోతుంది. 700 నుంచి 1000 మధ్య 3 డెసిబెల్‌లు పెంచితే వేళ్లు మీటే దెబ్బ, స్వరం స్పష్టంగా వినిపిస్తాయి. ఇవన్నీ బ్యాండ్ మొత్తం వాయిస్తున్నప్పుడే సరిచేయాలి. ఒంటరిగా చేసిన ఈక్యూ (టోన్ సర్దుబాటు) దండగ.

ఆంప్ ఎక్కడ పెట్టారన్నది కూడా ముఖ్యమే. గోడకు మీటరు దూరంలో పెడితే గోడ నుంచి తిరిగొచ్చిన అల 86 హెర్ట్జ్ దగ్గర ఎదురు పడి కోసేస్తుంది. డీ తీగ మూడో ఫ్రెట్‌లోని ఎఫ్ సరిగ్గా అక్కడే ఉంటుంది. ఒక్క స్వరమే మాయమైపోతుంటే అనుమానం దీని మీదే. ఆంప్‌ను గోడకు జానెడు దూరానికి జరపండి. మూలలోకి మాత్రం తోయొద్దు, రొద పెరుగుతుంది. టెంట్ హౌస్ వాళ్లు వేసే బల్లల స్టేజీ లోపల డొల్ల, అది డోలులా మోగుతుంది. ఆంప్‌ను కుర్చీ మీదికి ఎక్కిస్తే సగం తగ్గుతుంది.

మిక్సర్‌ల డైరెక్టుగ పెట్టొచ్చా? డీఐ బాక్స్ తప్పదా?

డీఐ అంటే గిటార్ సంకేతాన్ని మిక్సర్‌కు సరిపోయేలా మార్చే చిన్న పెట్టె. పాసివ్ బేస్ అయితే తప్పదు. దానికి ఎదురుగా ఒక మెగా ఓమ్ ఇన్‌పుట్ ఉండాలి. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ చాలావాటిలో 10–20 కిలో ఓమ్‌లే. అక్కడ పెడితే పై భాగం చచ్చి, దుప్పటి కప్పినట్టు పలుకుతుంది. పాసివ్ బేస్‌కు యాక్టివ్ డీఐ, యాక్టివ్ బేస్‌కు పాసివ్ డీఐ అని గుర్తుంచుకోండి. యాక్టివ్ డీఐకి మిక్సర్‌లో 48 వోల్టుల ఫాంటమ్ (కేబుల్ ద్వారానే మిక్సర్ పంపే కరెంటు) ఆన్ చేయమని సౌండ్ ఆయనకు చెప్పాలి. ఆన్ చేసేటప్పుడు ఆ ఛానల్ మ్యూట్‌లో ఉండాలి, లేదంటే బాక్సులు ఠప్పుమంటాయి. డీఐ మీ దగ్గర ఉంచండి, మిక్సర్ దాకా పొడుగు ఎక్స్ఎల్ఆర్ (మైకులకు వాడే మూడు పిన్నుల కేబుల్) వేయండి. గిటార్ కేబుల్ 6 మీటర్లు దాటితే పై స్వరాలు తగ్గుతాయి, ఎక్స్ఎల్ఆర్ 30 మీటర్లు పోయినా ఏమీ కాదు.

గుయ్యిమని హమ్ వస్తంది. ఎట్ల పట్టుకోవాలె?

గిటార్ వాల్యూం సున్నా చేయండి. హమ్ పోతే తప్పు గిటార్ వైపు, పోకపోతే కేబుల్, ఆంప్, కరెంటు వైపు. గిటార్ వైపైతే, తీగల మీద చెయ్యి పెట్టగానే తగ్గుతుందా చూడండి. తగ్గితే లోపల షీల్డింగ్ చాలదు, రాగి రేకు అంటించాలి. జాజ్ బేస్ అయితే రెండు వాల్యూంలూ పూర్తిగా తెరవండి. ఆ రెండు పికప్‌లు ఎదురెదురు చుట్లు కాబట్టి ఒకదాని హమ్‌ను ఇంకొకటి కొట్టేస్తుంది. ఒకటి తగ్గించగానే హమ్ తిరిగొస్తుంది. కరెంటు వైపైతే ఆంప్‌ను, మిక్సర్‌ను ఒకే బోర్డు నుంచి నడపండి. తర్వాత డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ (సంకేతం దారిలో ఎర్త్ కలయికను తెంచే బటన్) నొక్కండి. లైటింగ్ వాళ్ల బోర్డు నుంచి కరెంటు తీసుకోవద్దు.

హమ్ పోవాలని ప్లగ్గు ఎర్త్ పిన్ విరిచేయడం మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు. ఎందుకో కింద ఉంది.

మైకు తగిలితే మూతికి షాక్ కొట్టింది. అది మామూలేనా?

మామూలు కాదు. ప్రాణం పోయే సంగతి. మీ గిటార్ తీగలు బ్రిడ్జ్ ద్వారా, కేబుల్ ద్వారా ఆంప్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. మైకు జాలీ మిక్సర్ ఎర్త్‌కు కలిసి ఉంటుంది. ఆ రెండు ఎర్త్‌లలో ఒకటి తెగినా, రెండిటి మధ్య వోల్టేజీ తేడా ఉన్నా, చేతిలో తీగ, పెదవికి మైకు. మధ్యలో వైరు మీరే.

స్టేజీ ఎక్కగానే, ఏదీ ప్లగ్గులో పెట్టకముందే, మల్టీమీటర్‌ను ఏసీ 750 మీద పెట్టి సాకెట్ చూడండి. ఎదురుగా నిలబడితే పైన పెద్ద రంధ్రం ఎర్త్, కుడివైపు ఫేజ్, ఎడమవైపు న్యూట్రల్. ఫేజ్‌కు న్యూట్రల్‌కు 230 దరిదాపు రావాలి. ఫేజ్‌కు ఎర్త్‌కు కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య రెండు మూడు వోల్టుల లోపే ఉండాలి. ఫేజ్–ఎర్త్ దగ్గర 80, 110 అంటూ ఊగుతుంటే ఆ ఎర్త్ పిన్ వెనక ఏ వైరూ లేదని అర్థం. పాత హాళ్లలో, తాత్కాలికంగా వేసిన బోర్డుల్లో ఇది కనిపిస్తుంది.

అన్నీ కలిపాక రెండో పరీక్ష. మీటర్ ఒక ముల్లు గిటార్ తీగకు, ఇంకోటి మైకు జాలీకి ఆనించండి. ఒకటి రెండు వోల్టులు దాటకూడదు. 50, 100 చూపిస్తే వాయించొద్దు. హాలు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. మైకుకు ఫోమ్ టోపీ తొడగడం వల్ల పెదవికి తగలదు గానీ తప్పు అక్కడే ఉంటుంది. మీ బోర్డుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా తెంచే స్విచ్) పెట్టించుకోండి. ఒక పెడల్ ధరకు ప్రాణం కాపాడే పరికరం అది. వానాకాలం గణేశ్ మండపాల దగ్గర, తడి నేల మీద, ఇది లేకుండా స్టేజీ ఎక్కొద్దని బతిమాలి చెబుతున్నాం.

వైర్‌లెస్ వాడొచ్చా?

వాడొచ్చు. పైన చెప్పిన షాక్ దారి కూడా తెగిపోతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌వి జనం ఫోన్లు, వైఫై నిండిన హాల్లో మధ్యలో తెగుతుంటాయి, 5.8వి కొంత మేలు. కేబుల్ ఒకటి సంచిలో ఎప్పుడూ ఉండాలి.

కరెంటు పోయి జనరేటర్ ఎక్కేటప్పుడు ఏం జేయాలె?

కరెంటు పోగానే ఆంప్ స్విచ్ ఆపండి. జనరేటర్ అందుకున్నాక ఒక నిమిషం ఆగి, మీటర్‌లో 210–245 మధ్య నిలకడగా ఉందని చూసి, అప్పుడు వేయండి. లైట్లు ఊగుతుంటే ఇంకా ఆగండి. కరెంటు తిరిగొచ్చేటప్పుడు కూడా ఇదే.

తీన్మార్, బతుకమ్మ పాటలకు బేస్ ఎట్ల వాయించాలె?

తక్కువగా. తీన్మార్‌ను ఆరుగా లెక్కపెట్టుకుని ఒకటి మీద, నాలుగు మీద మాత్రమే పలికించండి. ఒకటి మీద శ్రుతి స్వరం, నాలుగు మీద పంచమం లేదా మళ్లీ అదే శ్రుతి. డప్పు సిర్ర, పుల్ల పలికే సందులను అస్సలు నింపొద్దు. పాట నడక అక్కడే ఉంది. స్వరాన్ని పొడుగ్గా వదలకుండా ఎడమ చెయ్యి ఎత్తి ఆపండి.

బతుకమ్మలో చప్పట్లే తాళం, ఆడవాళ్లు వంగి లేచే వేగమే లయ. "ఉయ్యాలో" దగ్గర స్వరం ఆగుతుంది, అక్కడ ఒక్క పొడుగు స్వరం చాలు. ఒగ్గుడోలు ఉన్నప్పుడు దాని గుమ్ మీ చోటులోనే పడుతుంది, కాబట్టి ఒక స్థాయి (ఆక్టేవ్) పైన వాయించండి లేదా 80 హెర్ట్జ్ దగ్గర తగ్గించుకోండి. డప్పును మంటకు కాగబెట్టినప్పుడల్లా దాని ఎత్తు మారుతుంది. దానికి ట్యూన్ కావాలని చూడొద్దు, కీబోర్డుకే ట్యూన్ అవ్వండి.

చర్చిల అంతా గజిబిజిగ వినిపిస్తంది.

పెద్ద రాతి చర్చిల్లో ప్రతిధ్వని పొడుగు. డోర్నకల్ కెథడ్రల్ లాంటి చోట మీరు వాయించిన స్వరం, మీరు తర్వాతి కార్డ్‌కు పోయాక కూడా గాల్లోనే ఉంటుంది. స్వరాలు తగ్గించండి, ప్రతి స్వరాన్నీ కోసి వాయించండి, స్పాంజి పెట్టండి. వాల్యూం పెంచితే ఇంకా పాడవుతుంది.

ఎండకాలం గిటార్ ఎట్ల కాపాడాలె?

మూసిన కారు డిక్కీలో పెట్టొద్దు. మన ఎండకు లోపల జిగురు మెత్తబడి నట్, ఫ్రెట్లు కదులుతాయి. ఆర్టీసీ బస్సులో అయితే మెడ పైకి ఉండేలా కాళ్ల మధ్య పట్టుకోండి, పైన సామాన్ల అరలో పడుకోబెట్టొద్దు. ఏసీ హాల్లోకి తెచ్చాక 20 నిమిషాలు ఆగి ట్యూన్ చేయండి. వానాకాలం మొదట్లో ఒకసారి, చలికాలం మొదట్లో ఒకసారి మెడ సందు మళ్లీ కొలవండి.

సంచిల ఏమేం ఉండాలె?

రెండు గిటార్ కేబుళ్లు, ఒక ఎక్స్ఎల్ఆర్, డీఐ, క్లిప్ ట్యూనర్, విడి 'ఈ' (E) తీగ, 'జీ' (G) తీగ, 9 వోల్టుల కొత్త బ్యాటరీ, అలెన్ కీలు, మల్టీమీటర్, ఇన్సులేషన్ టేపు, మూడు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బోర్డు, నూలు గుడ్డ, స్పాంజి ముక్క. పెడల్స్ ఆ తర్వాత. వాటిలోనూ మొదట కొనాల్సింది కంప్రెసర్ (గట్టి, మెల్లని స్వరాలను సమం చేసేది).

చెవులు గుయ్యిమంటున్నయి.

100 డెసిబెల్‌ల దగ్గర చెవికి భద్రమైన సమయం 15 నిమిషాలు. ప్రతి 3 డెసిబెల్‌లకు అది సగమవుతుంది. సింబల్ వైపు చెవికి ప్లగ్గు పెట్టుకోండి, లేదా ఇన్-ఇయర్ (చెవిలో పెట్టుకునే మానిటర్) వాడండి. మరునాడు ఉదయానికి కూడా గుయ్యిమంటూ ఉంటే చెవి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

రాత్రి పదింటికి ఆపాల్సిందేనా?

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్ స్పీకర్లు నడపకూడదు. పండుగలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు. పోలీసు అనుమతి కాగితం పిలిచినవాళ్ల దగ్గర ఉందా అని అడ్వాన్స్ తీసుకునే రోజే అడగండి. మీ పాటలను తొమ్మిదీ నలభైకి అయిపోయేలా పేర్చుకుంటే, చివరి పాట సగంలో ఆగదు.